ఫుట్‌బాల్‌లో అవినీతి, అభిమాని మనసు: తరచుగా అడిగే ప్రశ్నలు

యూరప్ మ్యాచ్‌ల కోసం అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని, గోలు పడితే ఇంట్లోవాళ్లు నిద్ర లేస్తారని అరుపును గొంతులోనే ఆపుకునే తెలుగు అభిమానులు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ఆట అలవాటైన కొన్నాళ్లకు వాళ్లకు ఇంకో అనుభవం కూడా ఎదురవుతుంది. తాము ప్రేమించే క్లబ్బు పేరో, ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా పేరో ఏదో ఒక కేసులో వినబడుతుంది. అప్పుడు పుట్టే ప్రశ్నలే ఇవి. ఈ ఆటంటే నాకు ప్రాణం కాబట్టి అభిమాని పక్షానే నిలబడి జవాబు చెబుతాను. అభిమాని తప్పు చేసిన చోట ఆ మాటా దాచను.

అభిమాని దృష్టిలో ఫుట్‌బాల్ అవినీతి అంటే ఏమిటి?

చట్టం లంచం, మోసం, అక్రమ ధన చలామణి అని విడివిడిగా పేర్లు పెడుతుంది. అభిమాని మాత్రం అది ఎక్కడ జరిగిందో చూస్తాడు. మైదానంలో జరిగేది ఫిక్సింగ్: ఆటగాడో రిఫరీయో డబ్బు తీసుకుని ఫలితాన్ని ముందే నిర్ణయించడం. ఆఫీసులో జరిగేది ముడుపుల వ్యవహారం: ప్రపంచకప్ ఏ దేశానికి ఇవ్వాలి, టీవీ హక్కులు ఎవరికి అమ్మాలి అనే నిర్ణయాలకు వెల కట్టడం. ఖాతా పుస్తకాల్లో జరిగేది దొంగలెక్కల వ్యవహారం: ఆదాయం పెంచి, ఖర్చు దాచి, అందరికీ ఒకటే అనుకున్న నిబంధనను పక్కకు నెట్టడం.

డబ్బు లెక్కన చూస్తే పెద్ద మొత్తాలన్నీ ఆఫీసుల్లోనే చేతులు మారాయి. అభిమాని గుండెలో ముల్లులా దిగేది మాత్రం మైదానంలో జరిగిన మోసమే.

ఫిక్సింగ్ అంతగా ఎందుకు బాధిస్తుంది?

గడిచిపోయిన ఆనందాన్ని కూడా అది వెనక్కి వచ్చి లాక్కుపోతుంది కాబట్టి. దీనికి పశ్చిమ జర్మనీలో జరిగినదాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

1971 జూన్ 6న కికర్స్ ఒఫెన్‌బాక్ క్లబ్బు అధ్యక్షుడు హోర్స్ట్ గ్రెగోరియో కనెల్లాస్ తన యాభయ్యో పుట్టినరోజు విందు ఇచ్చారు. ఆయన క్లబ్బు ముందురోజే బుండెస్‌లీగా నుంచి రెండో శ్రేణికి పడిపోయింది. అతిథుల్లో జాతీయ జట్టు కోచ్ హెల్ముట్ షోన్ కూడా ఉన్నారు. కనెల్లాస్ టేప్ రికార్డర్ తెప్పించి మీట నొక్కారు. పేరున్న ఆటగాళ్లు ఫోనులో తమ మ్యాచ్‌లకు బేరం మాట్లాడుతున్న గొంతులు అందరికీ వినిపించాయి. తర్వాతి విచారణల్లో యాభై మందికి పైగా ఆటగాళ్లకు శిక్షలు పడ్డాయి.

వాళ్లలో షాల్కె ఆటగాళ్లూ ఉన్నారు. షాల్కె అంటే రూర్ బొగ్గుగనుల ప్రాంతపు క్లబ్బు. వారమంతా భూమి అడుగున పనిచేసి, శనివారం టికెట్టు కొనుక్కుని వచ్చే కార్మికులు దానికి అభిమానులు. ఏప్రిల్ 17న తమ జట్టు సొంత మైదానంలో ఆర్మీనియా బీలెఫెల్డ్ చేతిలో 0–1తో ఓడిపోతే వాళ్లు మామూలుగానే బాధపడి ఇంటికి వెళ్లారు. ఆ ఓటమిని తమ ఆటగాళ్లు అమ్ముకున్నారని తర్వాత తెలిసింది. పైగా కొందరు కోర్టులో ప్రమాణం చేసి మరీ అబద్ధమాడారు. అప్పటినుంచి ఎదుటి జట్ల అభిమానులు షాల్కెను ‘అబద్ధపు ప్రమాణాల క్లబ్బు’ అని పిలిచారు. ఆ తర్వాతి రెండు సీజన్లలో జర్మనీ అంతటా స్టేడియాలు పలచబడ్డాయి. ఓడినందుకు అభిమాని స్టేడియం మానడు. తన బాధ కూడా ఒకడికి బేరపు సరుకైందని తెలిస్తే మాత్రం అడుగు ముందుకు పడదు.

అభిమానులు అవినీతిని ఖండిస్తారు కదా, మరి ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో, జైలుకు వెళ్లిన క్లబ్బు అధ్యక్షుడు బెర్నార్ తపీకి అంత గౌరవం ఎందుకు?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. జవాబు కొంచెం పెద్దది.

1993 మే 26న మ్యూనిక్‌లో మార్సెయ్‌కు మిలాన్‌తో యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు అయిన చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఉంది. దానికి ఆరు రోజుల ముందు వాలెన్సియెన్ అనే చిన్న క్లబ్బుతో లీగ్ మ్యాచ్. అది గెలిస్తే ఫ్రాన్స్ టైటిల్ దాదాపు చేతికందినట్టే. ఫైనల్‌కు ముందు ఎవరూ గాయపడకూడదు కూడా. మ్యాచ్ ముందురాత్రి మార్సెయ్ ఆటగాడు జాన్ జాక్ ఎదెలీ నుంచి వాలెన్సియెన్ ఆటగాళ్లు ముగ్గురికి కబురు అందింది. వాళ్లు జాక్ గ్లాస్‌మన్, క్రిస్టోఫ్ రోబేర్, 1986 ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనాకు విజయ గోలు కొట్టిన హోర్హె బురుచాగా. గట్టిగా ఆడకపోతే డబ్బు ముడుతుంది, అదీ కబురు. గ్లాస్‌మన్ ఒప్పుకోలేదు, విషయం కోచ్‌కు చెప్పేశాడు. రోబేర్ మ్యాచ్ సగం కూడా కాకముందే గాయమని బయటికి వచ్చేశాడు. మార్సెయ్ 1–0తో గెలిచింది. ఆరు రోజులకు బాజిల్ బోలి తలతో కొట్టిన గోలుతో మిలాన్‌ను కూడా 1–0తో ఓడించి, చాంపియన్స్ లీగ్ గెలిచిన తొలి ఫ్రెంచ్ క్లబ్బు అయింది. కొన్ని వారాలకు రోబేర్ బంధువుల ఇంటి తోటలో తవ్వితే 2,50,000 ఫ్రాంకులు బయటపడ్డాయి.

మార్సెయ్ ఆ ఏటి ఫ్రాన్స్ టైటిల్ పోగొట్టుకుంది. 1994లో రెండో డివిజన్‌కు దిగింది. క్లబ్బు అధ్యక్షుడు తపీ 1997లో జైలుకు వెళ్లారు. యూరప్ కప్పు మాత్రం క్లబ్బు దగ్గరే ఉండిపోయింది.

అభిమానులు ఆ కప్పునే పట్టుకున్నారు. ‘ఎప్పటికీ మొదటివాళ్లం’ అనేది వాళ్ల నినాదం. 2025 మేలో పారిస్ సాంజెర్మా జట్టు ఇంటర్ మిలాన్‌ను 5–0తో ఓడించి, అదే మ్యూనిక్‌లో ఆ కప్పు గెలిచినప్పుడు మార్సెయ్‌వాళ్లు మళ్లీ చెప్పుకున్న మాట అదే. 2021 అక్టోబరులో తపీ చనిపోతే ఆయన శవపేటికను వెలోడ్రోమ్ స్టేడియానికి తీసుకొచ్చారు. వేలమంది అభిమానులు వరుసలో నిలబడి నివాళి అర్పించారు. ఆయన్ని ఆ నగరంలోనే ఖననం చేశారు.

నాకు ఆ ప్రేమ అర్థమవుతుంది. పారిస్ తమను ఎప్పుడూ చిన్నచూపు చూస్తుందని నమ్మే రేవు పట్టణం అది. ఆ పట్టణానికి ఒక మనిషి యూరప్ కిరీటం తెచ్చిపెట్టాడు. అయినా నేను ఆ వరుసలో నిలబడలేను. వాలెన్సియెన్‌లో కూడా అభిమానులు ఉన్నారు. వాళ్ల క్లబ్బు ఆ ఏడాదే రెండో డివిజన్‌కు, మరుసటి ఏడాది మూడో డివిజన్‌కు పడిపోయింది. 250 వేల ఫ్రాంకులతో కొన్నది వాళ్ల మ్యాచ్‌ని. ఆ సంగతి మార్సెయ్ పాటల్లో ఎక్కడా ఉండదు.

ఇటలీలో 2006 కుంభకోణం తర్వాత యువెంటస్ అభిమానులు క్లబ్బును వదిలేశారా?

వదల్లేదు. ఇటాలియన్‌లో అభిమానిని ‘తిఫోజో’ అంటారు. ఆ మాట టైఫస్ జ్వరం పేరు నుంచి వచ్చింది. జ్వరం తీర్పు చదివి తగ్గదు కదా.

2006 మేలో పత్రికల్లో ఫోను సంభాషణలు వచ్చాయి. యువెంటస్ జనరల్ మేనేజర్ లుచానో మొజ్జీ, ఏ మ్యాచ్‌కు ఏ రిఫరీని పంపాలో నిర్ణయించే అధికారులతో తరచూ మాట్లాడుతున్నారని ఆ టేపుల్లో బయటపడింది. ఇటలీ దీన్ని కాల్చోపోలి అని పిలిచింది. యువెంటస్ నుంచి 2005, 2006 టైటిళ్లు తీసేశారు. చరిత్రలో మొదటిసారి క్లబ్బును రెండో శ్రేణి అయిన సెరీ బికి దించారు. పాయింట్ల కోత 30తో మొదలై, అప్పీళ్ల తర్వాత 17కు, చివరికి 9కి తగ్గింది. మిలాన్, లాజియో, ఫియొరెంటీనా, రెజ్జీనా క్లబ్బులకూ పాయింట్ల కోత పడింది. అదే జూలై 9న ఇటలీ బెర్లిన్‌లో ప్రపంచకప్ గెలిచింది. ఆ ఫైనల్లో గోలు కాసిన బుఫాన్, రెండు నెలలు తిరిగేసరికి, సెప్టెంబరు 9న రిమినీ అనే చిన్న ఊరి జట్టుతో సెరీ బి మ్యాచ్ ఆడుతున్నాడు. యువెంటస్ ఆ మ్యాచ్‌ను 1–1తో ముగించింది.

బుఫాన్, దెల్ పియెరో, నెద్వెద్, త్రెజెగే, కామొరనేజీ వెళ్లిపోకుండా ఉండిపోయారు. యువెంటస్ అభిమానులకు ఆ ఏడాది అవమానంగా కంటే విశ్వాస పరీక్షగా గుర్తుండిపోయింది. ఆ ఐదుగురి పేర్లు చెబితే ఇప్పటికీ కళ్లు తడి చేసుకునేవాళ్లు ఉన్నారు. కాబట్టి తప్పు చేసింది ఆఫీసు, నిలబడింది జట్టు అని వాళ్లు లెక్క వేసుకున్నారు. ఈ లెక్కలో న్యాయం ఉందని నేను అనుకుంటాను.

న్యాయం లేని లెక్క ఇంకొకటి ఉంది. 2012లో క్లబ్బు మళ్లీ చాంపియన్ అయింది. అధికారికంగా అది 28వ టైటిల్. క్లబ్బు మాత్రం ‘మైదానంలో 30’ అని జెర్సీ మీదే రాసుకుంది, అభిమానులు చప్పట్లు కొట్టారు. రెండు టైటిళ్లను తీసేసిన తీర్పును గుర్తించబోమని అర్థం. 2011లో ఫుట్‌బాల్ సమాఖ్య ప్రాసిక్యూటర్ పలాజీ నివేదిక ఇంటర్ మిలాన్ పేరునూ ప్రస్తావించింది. గడువు తీరిపోయిందని ఇంటర్‌పై చర్యలు మాత్రం లేవు. యువెంటస్ అభిమాని కోపమంతా అక్కడి నుంచే వస్తుంది. 2006 టైటిల్‌ను ఇంటర్‌కే ఇచ్చారు, పాయింట్లు కోల్పోయిన మిలాన్ 2007లో చాంపియన్స్ లీగ్ గెలిచింది, తమకేమో సెరీ బి. ఆ కోపంలో నిజం ఉంది. ఎదుటివాడు తప్పించుకున్నాడన్నది అతని మీద ఫిర్యాదు అవుతుందే తప్ప, మొజ్జీ ఫోనులో మాట్లాడిన మాటలు దాంతో చెరిగిపోవు.

మొజ్జీపై క్రిమినల్ కేసు 2015లో అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్లి, గడువు తీరిందన్న కారణంతో ముగిసింది. క్రీడా సమాఖ్య విధించిన జీవితకాల నిషేధం అలాగే ఉంది. అభిమానుల్లో సగంమంది మొదటి వాక్యాన్ని, మిగతా సగం రెండో వాక్యాన్ని మాత్రమే చెబుతారు.

శిక్ష వేసినవాళ్లే అవినీతిపరులని అభిమానులు అనడం ఎందుకు?

కాకి పిల్ల కాకికి ముద్దు. తమ క్లబ్బుకు శిక్ష పడగానే ముందు అనుమానం న్యాయమూర్తి మీదికే పోతుంది.

2023 నవంబరులో ఇంగ్లండ్‌లో ఎవర్టన్‌కు, నష్టాల పరిమితి దాటినందుకు, 10 పాయింట్లు కోసేశారు. ఆ వెంటనే జరిగిన సొంత మ్యాచ్‌లో వేలమంది అభిమానులు ప్రీమియర్ లీగ్ గుర్తు, దాని కింద ‘అవినీతి’ అన్న మాట ముద్రించిన గులాబీ అట్టలు పైకెత్తారు. అప్పీలులో కోత 6కు తగ్గింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీపై వందకు పైగా ఆర్థిక అభియోగాలు వచ్చాయి. క్లబ్బు వాటిని ఖండించింది. అభిమానులు తమ న్యాయవాది బొమ్మతో బ్యానర్ కట్టి, లీగ్ గీతం వినిపించినప్పుడు కేకలు వేశారు. ఎవర్టన్‌వాళ్ల వాదన ఒకటే: చిన్న చేపను కొన్ని నెలల్లో పట్టారు, పెద్ద చేప దగ్గర ఏళ్లు పడుతోంది. ఆ అట్టల మీద రాసిన మాట తప్పు, ఎందుకంటే అక్కడ ఎవరూ లంచం తీసుకున్నట్టు రుజువు లేదు. ఆ అట్టల వెనకున్న ప్రశ్న మాత్రం సరైనదే.

టర్కీ కథ ఇంకా చిక్కు. 2011 జూలైలో ఫెనర్‌బాచే అధ్యక్షుడు అజీజ్ యిల్దిరిమ్‌ను ఫిక్సింగ్ ఆరోపణపై అరెస్టు చేస్తే అభిమానులు వీధుల్లోకి వచ్చారు. 2012లో ఆయనకు శిక్ష పడింది. యూరప్ సమాఖ్య క్లబ్బును తన పోటీల నుంచి నిషేధించింది. 2015లో మళ్లీ జరిగిన విచారణలో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. ఆ దర్యాప్తు రాజకీయ కుట్ర అని ఫెనర్‌బాచే అభిమాని ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు. ప్రత్యర్థి క్లబ్బు గలతసరాయ్ అభిమానిని అడిగితే నవ్వేస్తాడు. పోలీసులు, కోర్టులు కూడా ఎవరో ఒకరి జేబులో ఉన్నాయని జనం నమ్మే చోట, ఫుట్‌బాల్ కేసులో ఏ తీర్పు వచ్చినా సగం దేశం దాన్ని నమ్మదు.

రిఫరీ అమ్ముడుపోయాడని ప్రతి మ్యాచ్‌లోనూ అరుస్తారు. నిజంగా నమ్మే అరుస్తారా?

నూటికి తొంభైసార్లు అది కోపంలో వచ్చే కేక. ఇబ్బంది ఎక్కడంటే, అప్పుడప్పుడు అది నిజమవుతుంది. జర్మన్ రిఫరీ రాబర్ట్ హోయ్‌జర్ 2004లో పాడర్‌బోర్న్, హాంబుర్గ్ మధ్య కప్ మ్యాచ్‌ను డబ్బు తీసుకుని మలుపు తిప్పాడు. మరుసటి ఏడాది దొరికిపోయాడు, తర్వాత జైలుకు వెళ్లాడు. అదే 2005లో బ్రెజిల్‌లో రిఫరీ ఎడిల్సన్ పెరేరా దె కార్వాల్యో బెట్టింగ్ ముఠాతో కలిశాడని తేలింది. అతడు నిర్వహించిన 11 లీగ్ మ్యాచ్‌లను రద్దు చేసి మళ్లీ ఆడించారు. ముందు ఓడిన రెండు మ్యాచ్‌లను కొరింథియన్స్ మళ్లీ ఆడి నాలుగు పాయింట్లు సంపాదించింది, ఇంటర్నేషనల్ క్లబ్బుకు మూడు పాయింట్ల ముందు నిలిచి టైటిల్ గెలిచింది. పోర్టో అలెగ్రెలో ఇంటర్నేషనల్ అభిమాని దగ్గర ఆ ఏడాది మాట ఎత్తి చూడండి. మోసాన్ని సరిదిద్దే ప్రయత్నమే తమకు మోసమైందని అతని బాధ. నేనైతే అతన్ని కాదనలేను.

ఫిఫాలో అంత పెద్ద కుంభకోణం బయటపడినా అభిమానులు తక్కువగా కదిలారెందుకు?

2015 మే 27 తెల్లవారుజామున జ్యూరిక్‌లోని బోర్ ఓ లాక్ హోటల్లో ఏడుగురు ఫిఫా అధికారులను అరెస్టు చేశారు. ఫొటోలు పడకుండా హోటల్ సిబ్బంది దుప్పట్లు అడ్డం పట్టుకుని వాళ్లను కార్లలోకి ఎక్కించారు. 24 ఏళ్లపాటు 150 మిలియన్ డాలర్లకు పైగా ముడుపులు నడిచాయని అమెరికా అభియోగపత్రం చెప్పింది. రెండు రోజులకే సెప్ బ్లాటర్ మళ్లీ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. నాలుగు రోజులు గడవకుండా తప్పుకుంటానని ప్రకటించారు. ఆయన, అప్పటి యూరప్ సమాఖ్య అధ్యక్షుడు మిషెల్ ప్లాతినీ ఒక చెల్లింపు విషయంలో ఫిఫా నిషేధానికి గురయ్యారు. స్విస్ కోర్టులు మాత్రం 2022లో, మళ్లీ 2025లో ఇద్దరినీ నిర్దోషులుగా తేల్చాయి.

అభిమానికి ఇదేదీ కొత్త కబురులా అనిపించలేదు. ఫిఫా పెద్దలు తింటారని అతను ఎప్పుడో అనుకున్నాడు, అరెస్టులు ఆ నమ్మకానికి ముద్ర వేశాయి, అంతే. ఇంకో కారణం కూడా ఉంది. ఫిఫాకు ఓటు వేసేది జాతీయ సంఘాలు. టికెట్టు కొనే మనిషికి అక్కడ నోరు లేదు. మార్చలేని దాని మీద కోపాన్ని ఎవరూ ఎక్కువ కాలం మోయలేరు.

అయితే తక్కువగా కదిలారన్నది అన్నిచోట్లా నిజం కాదు. 2013 జూన్‌లో బ్రెజిల్‌లో బస్సు చార్జీల పెంపుతో మొదలైన నిరసనలు, కాన్ఫెడరేషన్స్ కప్ జరుగుతున్న స్టేడియాల బయటికి చేరాయి. ‘ఫిఫా ప్రమాణాల ఆస్పత్రులు, ఫిఫా ప్రమాణాల బడులు కావాలి’ అని అట్టలు పట్టుకున్నవాళ్లలో చాలామంది ఆదివారం మ్యాచ్ చూడకుండా ఉండలేనివాళ్లే. ఈ ఆటను అంతగా ప్రేమించే దేశం, ఆట పేరుతో జరిగే ఖర్చును వీధిలో నిలదీసింది. నా ఉద్దేశంలో అభిమానులు చేసిన అత్యంత గొప్ప నిరసన అదే.

స్టేడియంలో దొంగనోట్లు విసరడం ఎందుకు?

మాట వినిపించని చోట బొమ్మ మాట్లాడుతుంది కాబట్టి. 2015 జూలైలో ఒక బ్రిటిష్ హాస్యనటుడు బ్లాటర్ పత్రికా సమావేశంలో నకిలీ డాలర్లు వెదజల్లాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 2023లో స్పెయిన్‌లో, రిఫరీల కమిటీ ఉపాధ్యక్షుడిగా పనిచేసిన నెగ్రెయిరా కంపెనీలకు బార్సిలోనా ఏళ్ల తరబడి లక్షల యూరోలు చెల్లించిందని బయటపడింది. సాంకేతిక నివేదికల కోసమే ఇచ్చామని క్లబ్బు అంటోంది. ఆ మార్చిలో బార్సిలోనా బిల్బావ్‌కు ఆడటానికి వెళితే, అథ్లెటిక్ అభిమానులు సాన్ మమేస్ స్టేడియంలో బార్సిలోనా గుర్తు వేసిన నకిలీ నోట్లు కురిపించారు.

అభిమానులు చివరికి చూడటం మానేస్తారా?

చాలా అరుదు. మానేసినా, వేరే చోట చూస్తారు. చైనాలో 2003 నాటి షాంఘై షెన్‌హువా టైటిల్‌ను ఫిక్సింగ్ కారణంగా పదేళ్ల తర్వాత రద్దు చేశారు. 2024లో ఫుట్‌బాల్ సంఘం మాజీ అధ్యక్షుడు చెన్ షుయువాన్‌కు లంచాల కేసులో యావజ్జీవ శిక్ష, జాతీయ జట్టు మాజీ కోచ్ లీ టియేకు 20 ఏళ్ల జైలు పడ్డాయి. లీ ఒకప్పుడు ఎవర్టన్‌కు ఆడి చైనా పిల్లల గోడల మీద బొమ్మగా నిలిచినవాడు. సొంత లీగ్‌ను నమ్మలేక ఇంగ్లండ్, స్పెయిన్ జట్లను ప్రేమించడం నేర్చుకున్న చైనా అభిమానులు ఎందరో. దొంగలు దొరకడం న్యాయమే. ఊరి జట్టును వదిలి పదివేల కిలోమీటర్ల దూరంలోని జట్టు కోసం మేలుకునే ఆ అభిమాని పోగొట్టుకున్నదాన్ని ఏ కోర్టు తిరిగి ఇప్పించగలదు?

బెట్టింగ్ ఆడే అభిమానికి కూడా ఇందులో భాగం ఉందా?

ఉంది. సింగపూర్ కేంద్రంగా పనిచేసిన ఫిక్సర్ విల్సన్ రాజ్ పెరుమాళ్ లాంటివాళ్లు బతికింది ప్రపంచమంతా బెట్లు కాసే జనం మీదే. 2010 సెప్టెంబరులో బహ్రెయిన్ 3–0తో ఓడించిన టోగో జట్టు అసలు టోగో జట్టే కాదు, ఎవరినో జెర్సీలు తొడిగి పంపించారు. జీతాలు సరిగా అందని చిన్న లీగుల ఆటగాళ్లే ఈ ముఠాలకు తేలిగ్గా దొరుకుతారు. ఇంకోవైపు జెర్సీ ఛాతీ మీద బెట్టింగ్ కంపెనీ పేరు తగిలించి, అదే జెర్సీ వేసుకున్న కుర్రాడు బెట్ కాస్తే నిషేధం వేస్తారు. 2023లో బెట్టింగ్ వ్యసనంలో పడిన తమ ఆటగాడు సాండ్రో తొనాలీపై పది నెలల నిషేధం పడినప్పుడు న్యూకాజిల్ అభిమానులు అతన్ని వెలివేయకుండా అతని పేరుతో పాటలు పాడారు. జబ్బుపడ్డవాడికి, అమ్ముడుపోయినవాడికి తేడా వాళ్లు గుర్తించారు.

భారత్‌లో, తెలుగు నేల మీద ఈ చర్చకు సంబంధం ఉందా?

ఉంది. 2022 ఆగస్టులో పాలనా వివాదం కారణంగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసింది. పదకొండు రోజులకు ఎత్తేసింది. ఆ పదకొండు రోజుల్లో నష్టపోయింది గోకులం కేరళ మహిళల జట్టు. ఆసియా క్లబ్బుల పోటీ కోసం తాష్కెంట్ చేరుకున్న అమ్మాయిలు బంతి తాకకుండానే తిరిగి రావాల్సి వచ్చింది. కుర్చీల తగాదాకు ఆటగాళ్లు బలి కావడమంటే ఏమిటో అడిగితే నేను ఈ ఉదాహరణే చెబుతాను. అదే ఏడాది నవంబరులో కొన్ని భారత క్లబ్బులపై ఫిక్సింగ్ ఆరోపణల మీద సీబీఐ ప్రాథమిక విచారణ మొదలుపెట్టింది.

తెలుగువాళ్లకు ఈ గాయం క్రికెట్ ద్వారా తెలుసు. 2000లో అజహరుద్దీన్‌పై బీసీసీఐ జీవితకాల నిషేధం విధించినప్పుడు హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో వాదనలు జరిగాయి. ఆ నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ పన్నెండేళ్లూ తన అభిమాన ఆటగాణ్ని నమ్మాలా వద్దా అని ఊగిసలాడిన హైదరాబాదీకి, యువెంటస్ ఊరైన ట్యూరిన్‌లోని అభిమాని మనసు విప్పి చెప్పనక్కర్లేదు.

అభిమానులు ఏమైనా మార్చగలిగారా?

జర్మనీలో మార్చారు. క్లబ్బుల్లో సగానికి మించిన ఓట్లు సభ్యుల చేతిలో ఉండాలనే నిబంధన అక్కడ ఉంది. 2023 డిసెంబరులో లీగ్ టీవీ ఆదాయంలో వాటాను పెట్టుబడిదారులకు అమ్మే ప్రతిపాదనపై 36 క్లబ్బులు రహస్య ఓటు వేశాయి. కావలసినవి 24 ఓట్లు, వచ్చినవి సరిగ్గా 24. హానోవర్ ప్రతినిధి మార్టిన్ కింట్‌ను వ్యతిరేకంగా ఓటు వేయమని క్లబ్బు ఆదేశించింది. ఆయన ఆ ఆదేశం పాటించలేదని అనుమానం పుట్టింది. వారాల తరబడి అభిమానులు మైదానాల్లోకి టెన్నిస్ బంతులు, బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ నాణేలు విసిరి మ్యాచ్‌లు ఆపించారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ఒప్పందాన్ని వదులుకుంది. అక్కడ లంచం లేదు. తలుపులు మూసి తీసుకున్న నిర్ణయం ఉంది, అభిమానులు ఆ తలుపే తట్టారు.

నా క్లబ్బు మీద ఆరోపణ వస్తే నేనేం చేయాలి?

క్లబ్బును వదిలేయమని నేను చెప్పను. తీర్పు చదవండి, పత్రికల శీర్షిక దగ్గర ఆగకండి. ఆరోపణ, అభియోగం, శిక్ష, గడువు తీరడం, నిర్దోషిగా తేలడం అన్నీ వేరు వేరు. ఇదే పని ప్రత్యర్థి క్లబ్బు చేసి ఉంటే మీరు ఏమనేవారో ఒకసారి పైకి అని చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, నిజం చెప్పినవాడి జోలికి వెళ్లకండి. ఘనాలో 2018లో రిఫరీలు, ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు డబ్బు తీసుకుంటుండగా రహస్యంగా చిత్రీకరించిన పాత్రికేయ బృందంలోని అహ్మద్ హుస్సేన్ సువాలేను, 2019 జనవరిలో అక్రాలో కాల్చి చంపారు. టేపు వినిపించిన కనెల్లాస్‌పై కూడా జర్మన్ సమాఖ్య నిషేధం వేసింది, ఎందుకంటే ఆయనా బేరాల్లో వేలు పెట్టారు. జాక్ గ్లాస్‌మన్ ఏ బేరంలోనూ వేలు పెట్టలేదు. ఫోను వచ్చింది, కాదన్నాడు, కోచ్‌కు చెప్పాడు. ఆ తర్వాత ఫ్రాన్స్ స్టేడియాల్లో అతను బంతి తాకితే చాలు ఈలలు, బూతులు. పెద్ద క్లబ్బు ఏదీ పిలవలేదు. 1995లో ఫిఫా అతనికి ఫెయిర్ ప్లే పురస్కారం ఇచ్చింది. తర్వాత అతను ఆటగాళ్ల సంఘంలో ఉద్యోగం చేసుకున్నాడు. ఆ ఈలలు వేసింది అధికారులో ఫిక్సర్లో కాదు, టికెట్టు కొనుక్కుని వచ్చిన మనలాంటి అభిమానులు.